పబ్లిక్ ల్యాండ్‌లో టర్కీ వేట నేర్పిస్తామనే ప్యాకేజీలతో జాగ్రత్త

మిస్సోరీలోనో చుట్టుపక్కల రాష్ట్రాల్లోనో ఉంటూ, ఈ స్ప్రింగ్‌లో అడవి టర్కీ కోడి వేట నేర్చుకుందాం అనుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బిగినర్ స్ప్రింగ్ టర్కీ ప్యాకేజీ అంటూ ఆన్‌లైన్‌లో ఒకటి అమ్ముతున్నారు. 900 డాలర్లు. రెండు రోజులు గైడ్ వెంట ఉంటాడు, ఒక కిట్టు ఇస్తారు, మార్క్ ట్వేన్ నేషనల్ ఫారెస్ట్ అనే ప్రభుత్వ అడవిలో తమకు మాత్రమే తెలిసిన చోట్ల మ్యాప్ ఇస్తారు, పుంజు గ్యారంటీ. డిస్కౌంట్ కోడ్‌తో సహా మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతోంది. పంపినవాళ్లను ఏమీ అనను, వాళ్లెవరూ కొని ఉండరు. నేనూ నా స్నేహితుడూ కొన్నాం. మీరు కొనకండి. డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆ గైడ్ చెప్పినట్టు చేస్తే కేసు పడేది మన మీద.

ముందు వీసా సంగతి. "లైసెన్స్ టెన్షన్ వద్దు, గన్ మేమే ఇస్తాం, మా పర్మిట్ మీద మీరు వేటాడొచ్చు" అని వాళ్లు ఫోన్‌లో చెబుతారు. పచ్చి అబద్ధం. పబ్లిక్ ల్యాండ్‌లో టర్కీ వేటాడే ప్రతి మనిషికీ తన పేరు మీద స్ప్రింగ్ టర్కీ పర్మిట్ ఉండాలి. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, లేదంటే అప్రెంటిస్ అనుమతి తీసుకుని అర్హత ఉన్నవాళ్ల వెంట వెళ్లాలి. మనలో చాలామందికి ఇంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. హెచ్-వన్-బి, ఎల్-వన్, ఎఫ్-వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ లేదా పర్మిట్ మన పేరు మీద ఉండటం. గైడ్ అరువిచ్చిన తుపాకీ అయినా మన చేతిలో ఉంటే మన దగ్గర ఉన్నట్టే. గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి ఒక కోడి కోసం ఫెడరల్ కేసులో ఇరుక్కోవాలా? నా స్నేహితుడు హెచ్-వన్-బి మీదే ఉన్నాడు. గైడ్ వద్దన్నా వినకుండా తన పర్మిట్ తను ముందే కొనుక్కున్నాడు కాబట్టి బతికిపోయాడు. మీకు అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. తుపాకీ అద్దెకిచ్చేవాణ్ణి అడగొద్దు.

మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం దాదాపు ఏ వేటైనా నేరమే. అందుకని ఇక్కడ ఏది మామూలో ఏది తప్పో మనకు పుట్టుకతో తెలిసే విషయం కాదు. పక్కనున్న గైడ్ ఏం చెబితే అదే రూల్ అనుకుంటాం. ఈ ప్యాకేజీల వ్యాపారం నడిచేది ఆ తెలియనితనం మీదే.

ఇక మ్యాప్ సంగతి. వాళ్లు పంపింది ఫోన్‌లో తెరుచుకునే కొన్ని పిన్‌లు. చాలావరకు రోడ్డు పక్క గేట్లు, పార్కింగ్ చోట్లు. ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ మ్యాప్‌లో ఆ రోడ్లన్నీ ఉంటాయి. చీకటితో వెళ్తే మా కంటే ముందే పికప్ ట్రక్కులు వరసగా ఆగి ఉన్నాయి. ఎవరికి మాత్రం తెలియదు ఆ చోటు! మార్క్ ట్వేన్ అడవి దాదాపు 15 లక్షల ఎకరాలు, ఎక్కువగా దక్షిణ మిస్సోరీలో 29 కౌంటీల్లో పరుచుకుని ఉంది. పర్మిట్ ఉన్న ఎవరైనా అందులో వేటాడొచ్చు. అలాంటి చోట 'ఎక్స్‌క్లూజివ్ యాక్సెస్' అని ఒకడు అమ్ముతున్నాడంటే మన చెవిలో పువ్వు పెడుతున్నట్టే.

ఒక పిన్ మాత్రం రోడ్డుకు దూరంగా, వాగు పక్కన గట్టు మీద ఉంది. చూడ్డానికి నిజంగానే మంచి చోటు. లోపలికి నడుస్తుంటే హెడ్‌ల్యాంప్ వెలుగులో ఓక్ చెట్టు మాను మీద ఛాతీ ఎత్తున నిలువుగా జానెడు ఊదా రంగు గీత కనిపించింది. కాస్త అవతల ఇంకో చెట్టు మీద ఇంకోటి. గైడ్‌ని అడిగితే "కలప కొట్టేవాళ్లు వేసిన గుర్తులు, పట్టించుకోవద్దు" అన్నాడు. మిస్సోరీలో ఆ ఊదా గీత అంటే ఇది ప్రైవేటు స్థలం, లోపలికి రావొద్దు అని అర్థం. 1993 నుంచి చట్టం అలాగే ఉంది, బోర్డు పెట్టాల్సిన పని లేదు. ఈ అడవి అంతా ఒకే ముక్క కాదు, మధ్య మధ్యలో రైతుల భూములున్నాయి. తెల్లారకముందు తుపాకీతో పరాయివాడి పొలంలో దొరికితే ఏం సమాధానం చెబుతాం? మేం అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాం.

కిట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. స్లేట్ కాల్ (పుల్లతో గీసి పెట్ట పిలుపు తెప్పించే పరికరం) అని ఇచ్చిన దాంట్లో స్లేటు లేదు, ప్లాస్టిక్ బిళ్ల. పుల్లతో గీస్తే తుప్పు పట్టిన తలుపు బందులా కిర్రుమంటుంది, పెట్ట పిలుపు రానే రాదు. దాంతో పాటు రిమోట్ ఉన్న చిన్న స్పీకర్ ఇచ్చి, కొత్తవాళ్లకు ఇదే బెస్ట్ అన్నారు. మిస్సోరీలో టర్కీ వేటకు ఎలక్ట్రానిక్ కాల్స్, అంటే ఇలా స్పీకర్‌లో పిలుపులు వినిపించడం, నిషేధం. తూటాల పెట్టె మీద టర్కీ బొమ్మ స్టిక్కర్ ఉంది. ఓ మూల లేచి ఉంటే నా స్నేహితుడు గోటితో లాగాడు. కింద అసలు లేబుల్ బయటపడింది: బాతుల వేటకు వాడే 2వ నంబరు స్టీల్ గుండ్లు. ఇక్కడ టర్కీకి తూటా లోపల ఉండే చిన్న గుండ్లు 4వ నంబరు కంటే పెద్దవి వాడకూడదు. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దదవుతుంది కాబట్టి 2 అంటే రూల్ దాటినట్టే. పైగా టర్కీని తల, మెడ మీదే కొట్టాలి. అందుకే 40 గజాల్లో అట్ట పెట్టి, ఒక్క తూటా పేలిస్తే 10 అంగుళాల వలయంలో 100 గుండ్లు పడుతున్నాయో లేదో ముందు చూసుకోమంటారు. మా గైడ్ ఆ మాటే ఎత్తలేదు.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం తోక పింఛం. అసలైన టర్కీ తోకను విసనకర్రలా విప్పి పిడి బిగించారు. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని నేల మీద పాకుతూ పుంజు దగ్గరికి వెళ్లాలట. ఎవరూ లేని ప్రైవేటు మైదానంలో ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. పబ్లిక్ ల్యాండ్‌లో అయితే ఏ చెట్టు మొదట్లో ఎవరు తుపాకీతో కూర్చున్నారో తెలియదు. వాళ్ల కంటికి పొదల్లో కదిలే ఆ పింఛం పుంజే. కొన్ని రాష్ట్రాలు పబ్లిక్ ల్యాండ్‌లో దీన్ని నిషేధించాయి కూడా. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆ రంగు టీషర్టులు, సాక్సులు, చివరికి జేబులో రుమాలు కూడా వద్దు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఇంకో వేటగాడు మన వైపు వస్తుంటే చెయ్యి ఊపకూడదు, గట్టిగా నోటితో అరవాలి. ఇవన్నీ మాకు చెప్పింది గైడ్ కాదు, పార్కింగ్‌లో కాఫీ తాగుతున్న ఓ పెద్దాయన.

రెండో రోజు మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా 'ఈవినింగ్ హంట్' అని ప్రోగ్రామ్ ఇచ్చారు. అదీ తప్పే అని ఆ పెద్దాయనే చెప్పాడు. 2024లో సాయంత్రం దాకా వేటకు అనుమతి ఇచ్చింది ప్రైవేటు భూముల్లో. పబ్లిక్ ల్యాండ్‌లో మధ్యాహ్నం 1 గంటకల్లా ఆపేయాలి. మేం రామంటే గైడ్ "మీ ఇష్టం, నా వైపు నుంచి ప్యాకేజీ అయిపోయింది" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని గైడ్ పని చేయాలంటే ఫారెస్ట్ సర్వీస్ దగ్గర స్పెషల్ యూజ్ పర్మిట్ ఉండాలి. దాని నంబరు అడిగితే రెన్యువల్‌లో ఉందన్నాడు. తర్వాత రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ పేరుతో పర్మిటే లేదన్నారు. మీరెవరికైనా డబ్బు కట్టే ముందు ఈ ఒక్క ఫోన్ చేయండి, చాలు.

వీళ్లు అమ్మేదాంట్లో పనికొచ్చేదంతా బయట ఉచితంగానో చవగ్గానో దొరుకుతుంది. మిస్సోరీ కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ ఏటా స్ప్రింగ్ టర్కీ రూల్స్ పుస్తకం ఫ్రీగా ఇస్తుంది, కొత్తవాళ్లకు క్లాసులు కూడా పెడుతుంది. సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది, అయినా తేదీలు ఆ పుస్తకంలోనే చూసుకోండి. పిలుపులకు మామూలు చెక్క బాక్స్ కాల్ ఒకటి చాలు. ముందు రోజు పొద్దుగూకే వేళ వెళ్లి గుడ్లగూబలా కూస్తే చెట్టెక్కిన పుంజు ఉండబట్టలేక బదులిస్తుంది, దాంతో రాత్రి ఎక్కడ పడుకుంటుందో తెలిసిపోతుంది. ఆకుల్లో గీరిన చోట్లు, రెట్టలు చూడాలి. జె అక్షరంలా వంకరగా ఉంటే పుంజుది, చుట్టలా ఉంటే పెట్టది. తెల్లారగానే పుంజు పడుకున్న చెట్టుకు కాస్త దూరంలో కూర్చుని రెండు మూడు సార్లు పిలిచి నోరు మూసుకోవాలి. పబ్లిక్ ల్యాండ్ పుంజులు రోజూ పదిమంది పిలుపులు వింటాయి, ఎక్కువ వాయిస్తే అనుమానం వస్తుంది. ఒక్కోసారి అది చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తుంది, ఒక్కోసారి రాదు. గ్యారంటీ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయండి.

డబ్బు విషయం: అడ్వాన్స్ క్రెడిట్ కార్డు మీద, మిగతాది జెల్ (Zelle, నేరుగా బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే సర్వీస్)లో తీసుకున్నారు. రాసిచ్చిన ప్రోగ్రామ్, ఊదా గీత ఫోటో, స్టిక్కర్ ఊడిన పెట్టె ఫోటో జత చేసి బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే కార్డు డబ్బు వెనక్కి వచ్చింది. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా వేయాలి, ఆలస్యం చేయకండి. జెల్‌లో పంపింది మాత్రం రాలేదు. మిగతా సగం జెల్‌లోనే కావాలని వాళ్లు ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు అర్థమవుతోంది.

అదే ప్యాకేజీ ఈ మధ్య వేరే పేరుతో, వేరే ధరతో మళ్లీ కనిపించింది. పేరు మారినా ఫోటో మార్చలేదు, దాన్ని బట్టి గుర్తుపట్టండి. 'మిస్సోరీ పబ్లిక్ ల్యాండ్ పుంజు' అని పెట్టిన ఆ ఫోటోలో తోక చివరలు తెల్లగా ఉంటాయి. అది పశ్చిమాన కొండల్లో ఉండే మెరియమ్స్ రకం. మిస్సోరీలో ఉండేది ఈస్టర్న్ రకం, దాని తోక చివర ఇటుక గోధుమ రంగులో ఉంటుంది.