తేల్చిన మాట ముందు చెప్పాలా, చివరికి ఉంచాలా? రాతలో ఏ వరస మేలు

ఎంతో కష్టపడి రాసి పంపితే అవతలివాళ్లు "అంతా బానే ఉంది గానీ, ఇంతకీ ఏమంటారు?" అని అడిగారంటే, లోపం చాలాసార్లు భాషలో ఉండదు, వరసలో ఉంటుంది. మనం మాత్రం మళ్లీ కూర్చుని వాక్యాలే దిద్దుతాం, పదాలే మారుస్తాం, వరస జోలికి పోం.

ముందు ఒక ఆఫీసు మెయిల్ చూడండి:

"సోమవారం నుంచి పాత ఫైళ్లను కొత్త సర్వర్‌లోకి మార్చడం మొదలుపెట్టాం. మంగళవారం చూస్తే సగం ఫైళ్లు తెరుచుకోలేదు. సర్వర్ వాళ్లను అడిగితే వెర్షన్ తేడా అన్నారు. బుధవారం వెర్షన్ మార్చాక కొంత నయమైంది, కానీ ఇంకా మూడో వంతు మిగిలాయి. అందుచేత శుక్రవారం లాంచ్‌ను వచ్చే బుధవారానికి మార్చడానికి అనుమతి ఇవ్వగలరు."

అదే విషయం ఇంకోలా:

"శుక్రవారం లాంచ్‌ను వచ్చే బుధవారానికి మార్చాలి, దానికి మీ అనుమతి కావాలి. కారణం, మూడో వంతు ఫైళ్లు కొత్త సర్వర్‌లో ఇంకా తెరుచుకోవట్లేదు. వెర్షన్ మార్చాక కొన్ని సర్దుకున్నాయి, మిగతావి మంగళవారానికి అయిపోతాయి."

మొదటిది చదివే మేనేజర్‌కి నాలుగు వాక్యాల దాకా ఇదంతా తనకెందుకు చెబుతున్నారో తెలియదు. వెర్షన్ సంగతి గుర్తుపెట్టుకోవాలా, సర్వర్ వాళ్లకు ఫోన్ చేయాలా, ఎవరి మీదైనా ఫిర్యాదా, అన్నీ అనుమానాలే. రెండోదాంట్లో మొదటి వాక్యంతోనే ఆయన పనేమిటో తెలిసిపోయింది కాబట్టి మిగతాదంతా దానికి కారణంగా చదువుకుంటారు. ఇక్కడ రెండోదే మేలని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అయినా చేయి తిరగని వాళ్లం, తిరిగిన వాళ్లం కూడా మొదటిదే ఎందుకు రాస్తామంటే, మనకు విషయం తెలిసిన క్రమం అది. జరిగింది జరిగినట్టు దించేస్తే నిజాయితీగా కూడా అనిపిస్తుంది, పైగా ఎంత కష్టపడ్డామో అవతలివాళ్లకు తెలుస్తుందని లోపల చిన్న ఆశ.

తెలుసుకునే వరస, చెప్పే వరస వేరు వేరన్న ఎరుక మనకు కొత్త కాదు. న్యాయశాస్త్రం వాళ్లు, అంటే చట్టం వాళ్లు కాదు, మన పాత తర్కశాస్త్రం వాళ్లు, అనుమానాన్ని రెండుగా విడదీశారు. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, కనిపించిన గుర్తును బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. తనకోసం తాను తేల్చుకునేది స్వార్థానుమానం: పొగ కనిపించింది, పొగ ఉన్నచోట నిప్పుంటుందని గుర్తొచ్చింది, కొండ మీద నిప్పుందని తేలింది. ఇతరులను ఒప్పించడానికి చెప్పేది పరార్థానుమానం, దానికి అయిదు మెట్లు: ప్రతిజ్ఞ (తేల్చిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (ముగింపు). అందులో మొదటి మెట్టు "కొండ మీద నిప్పుంది" అన్న మాటే. పొగ సంగతి ఆ తర్వాత వస్తుంది. చివర్లో నిగమనంగా అదే మాట మళ్లీ చెబుతారు, కానీ ఈసారి అది రుజువైన మాట. మన మొదటి మెయిల్ తనకోసం తాను ఆలోచించుకున్న వరసలోనే ఉండిపోయింది.

తేల్చిన మాట ముందు చెప్పడాన్నే పత్రికల్లో తలకిందుల పిరమిడ్ అంటారు, ముఖ్యమైనది పైన, వివరాలు కిందికి. చోటు సరిపోకపోతే సబ్ ఎడిటర్ కింది నుంచి కత్తిరించినా వార్త వార్తగానే మిగులుతుంది. అమెరికా సైన్యంలోనూ అసలు విషయం మొదటి వరసలోనే ఉండాలని నేర్పుతారు.

మరైతే ఎప్పుడూ ముందే చెప్పేయాలా? లేదు. ఇందులో నాకు ఒకటే కొలమానం కనిపిస్తుంది: చదివేవాళ్లు జవాబు కోసం ఎదురు చూస్తున్నారా, లేక ఆ జవాబు వినగానే అడ్డం తిరుగుతారా? ఒక బృందం ఏడాదిగా మోజుపడి చేస్తున్న పనిని ఆపేయాలని రాయాల్సి వచ్చిందనుకోండి. "ఈ పని ఆపేయడం మంచిది" అని మొదలుపెడితే, ఆ తర్వాతి ప్రతి వాక్యాన్నీ వాళ్లు తప్పు పట్టడానికే చదువుతారు. అలాగని మూడు పేజీలు ఊరించి చివర్లో బాంబు పేలిస్తే మోసం చేశారనుకుంటారు. ఇలాంటిచోట జవాబు వెనక ఉంచి, ప్రశ్నను మాత్రం ముందు పెట్టడం మేలు: "ఈ పని వచ్చే ఏడాది కూడా కొనసాగించాలా అన్నది తేల్చాలి. ఖర్చు, వాడకం, మనుషులు, ఈ మూడూ చూద్దాం." ఎక్కడికి పోతున్నామో తెలుసు, ఎక్కడ తేలతామో తెలియదు. లెక్కలు తమ కళ్లతో చూశాక వచ్చే ముగింపును మనుషులు తమదిగానే తీసుకుంటారు.

జరిగిన వరసలోనే రాయాల్సినవీ కొన్ని ఉన్నాయి, అది వేరే సంగతి. ప్రమాదం మీద నివేదిక, పోలీసు ఫిర్యాదు, డాక్టరుకి చెప్పే జబ్బు చరిత్ర లాంటివి. అక్కడ చదివేవాళ్లకు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే సాక్ష్యం.

ఇక పాయింట్లా, పేరాలా? దీనిమీద నేను మొహమాటం లేకుండా పేరాల పక్షం. పాయింట్లుగా రాస్తే శుభ్రంగా కనిపిస్తుంది, చదవడానికి తేలికగానూ ఉంటుంది, కానీ "కాబట్టి", "అయినా", "అందుకే" లాంటి మాటలు మాయమవుతాయి. ఆలోచన ఉండేదే వాటిలో. అయిదు పాయింట్లు ఉంటే అందులో ఏది కారణమో, ఏది ఫలితమో, ఏది ఊరికే పక్క సంగతో చదివేవాళ్లే ఊహించుకోవాలి.

పాయింట్ల మధ్య అసలు సంగతి ఎలా మరుగున పడుతుందో చూడండి. 2003 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక కొలంబియా భూమికి తిరిగొస్తూ ముక్కలై, అందులోని ఏడుగురూ చనిపోయారు. ఎగిరేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది, నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు దానిమీద స్లైడ్లు తయారుచేసి చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక, అంతకుముందు చేసిన పరీక్షల సమాచారం చూస్తే మన అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయన్న ధోరణిలో, ధైర్యం చెబుతున్నట్టే ఉంది. దాని కింద పాయింట్లు, ఉప పాయింట్లు, వాటికి ఇంకా ఉప పాయింట్లు. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి ఇది: పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు దీనికి అసలు వర్తిస్తాయా అన్న అనుమానం శీర్షికలో ఉండాల్సింది. పై అధికారి ఎవరైనా ఈ స్లైడ్ చదివి, ఇది ప్రాణాల మీదికొచ్చిన సంగతని గ్రహించకపోవడంలో వింత లేదని దర్యాప్తు బోర్డు తన నివేదికలోనే రాసింది.

మరుసటి ఏడాది, 2004లో, అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో స్లైడ్లు ఆపించి, వాక్యాల్లో రాసిన నోట్ తెమ్మన్నాడు. నాలుగు పేజీల నోట్ రాయడం స్లైడ్ల కంటే కష్టమనీ, ఏది ముఖ్యమో ఏది దేనితో ముడిపడిందో రాసేవాడే ఆలోచించక తప్పదనీ ఆయన వాదన. పాయింట్లు పనికొచ్చేది ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటికి: తేవాల్సిన కాగితాలు, చేయాల్సిన పనులు. వాదనకు మాత్రం పేరాయే.

అన్నట్టు శీర్షికల సంగతి కూడా. "నేపథ్యం", "సమస్య", "ఇతర అంశాలు" అని పెడితే ఏ వ్యాసానికైనా అతుకుతాయి, అంటే దేనికీ పనికిరావన్నమాట. "పాత సర్వర్‌ని ఇక బాగుచేయలేం" అని పెట్టండి, ఆత్రంగా ఉన్నవాళ్లు శీర్షికలే చదివి వెళ్లిపోయినా విషయం అందుతుంది.

వాక్యం లోపల కూడా ఇదే గొడవ. తెలుగులో క్రియ చివరికొస్తుంది కాబట్టి, మధ్యలో ఎన్ని "అయినటువంటి"లు దూరిస్తే అంతసేపూ చదివేవాళ్లు ఏం జరిగిందో తెలియకుండా ఎదురుచూడాలి. పొడవు తప్పు కాదు, ఇప్పుడు ఈ వాక్యంలా ముక్క ముక్కకీ ఒక అర్థం చేతికందుతూ పోతే ఎంత దూరమైనా లాగొచ్చు. పైగా మనకున్న సౌకర్యం, పదాలను అటూ ఇటూ జరుపుకోవచ్చు. "మేనేజర్ అనుమతి ఇచ్చారు" అన్నదాంట్లో బరువు అనుమతి మీద ఉంది. "అనుమతి మేనేజర్ ఇచ్చారు" అంటే ఎవరిచ్చారన్నది ముఖ్యమైంది. క్రియకు ఆనుకుని ఉన్నచోట కొత్త సంగతి, వాక్యం మొదట్లో పాత సంగతి పెట్టుకుంటూ పోతే పేరా దానంతటదే అల్లుకుంటుంది.

చివరగా, ముందు ప్లాన్ వేసుకుని రాయాలా, రాసేసి సర్దాలా? ఒక పేజీ దాకా అయితే ప్లాన్ దండగ. పెద్దదైతే చాలామంది ముందు ప్లానే మేలంటారు గానీ, రాస్తేగాని ఏమనుకుంటున్నామో మనకే తెలియదు, కాబట్టి ముందు తోచినట్టు రాసేయడానికే నా ఓటు. తర్వాత ప్రతి పేరా పక్కనా అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి, ఆ వాక్యాలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. ఒకే వాక్యం రెండుచోట్ల వచ్చిందంటే ఆ రెండు పేరాలు కలపాలి. ఒక పేరాకి వాక్యం కుదరక "మరియు" పెట్టాల్సి వచ్చిందంటే దాన్ని విడగొట్టాలి. ఏ వాక్యమూ రాయలేకపోతే తీసేయాలి, అది ఎంత ముద్దొచ్చే పేరా అయినా సరే. ఇద్దరు ముగ్గురు కలిసి రాసేదైతే మాత్రం ఈ వాక్యాలేవో రాయకముందే కూర్చుని ఒప్పుకోండి, లేదంటే ఒకరు చివర్లో తేల్చిన మాటను ఇంకొకరు రెండో పేజీలోనే కొట్టిపారేసి ఉంటారు.