టూర్ పోటీదారులను పసిగట్టడానికి దోఫినె ఎంతవరకు పనికొస్తుంది: చాలా ఏళ్లు నమ్మి చూశాక

జూలైలో మూడు వారాల పాటు జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో ఎవరెవరు ముందు వరుసలో ఉంటారో ముందే అంచనా కట్టడానికి సైక్లింగ్ అభిమానులు వాడే కొలబద్దలు చాలానే ఉన్నాయి. వాటిలో నేను చాలా ఏళ్లుగా ఆధారపడుతున్నది జూన్‌లో ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని కొండదారుల మీద ఎనిమిది రోజుల పాటు సాగే క్రిటేరియం దు దోఫినె. 1947లో అక్కడి ఒక దినపత్రిక ఆరంభించిన ఈ రేసును 2010 నుంచి టూర్ నిర్వాహకులైన ఏఎస్‌ఓ సంస్థే నడుపుతోంది. 2026 నుంచి దీనికి టూర్ ఓవెర్న్-రోన్-ఆల్ప్స్ అన్న కొత్త పేరు వచ్చినా అభిమానుల నోట మాత్రం ఇంకా పాత పేరే వినిపిస్తుంది కాబట్టి, ఇక్కడ నేనూ దోఫినె అనే రాస్తున్నాను. ఒక అంచనా సాధనంగా ఇది ఎలా పనిచేస్తుందన్నదే ఈ సమీక్ష. రేసుగా దాని అందచందాలు వేరే సంగతి.

ముందు లెక్క చూద్దాం. 2011 నుంచి 2025 వరకు జరిగిన పదిహేను దోఫినెలలో ఏడుసార్లు అక్కడ గెలిచినవాడే అదే ఏడాది టూర్ కూడా గెలిచాడు: 2012లో బ్రాడ్లీ విగిన్స్, 2013, 2015, 2016లలో క్రిస్ ఫ్రూమ్, 2018లో గెరెయింట్ థామస్, 2023లో యోనాస్ వింగెగార్డ్, 2025లో తదేయ్ పొగాచర్. అంటే దాదాపు సగం. విజేత పేరు కోసం మాత్రమే దోఫినె ఫలితం చూసేవారికి ఇది బొమ్మా బొరుసా కన్నా పెద్ద మెరుగుగా కనిపించకపోవచ్చు. కానీ మిగిలిన ఎనిమిది సంవత్సరాలను విడిగా పరిశీలిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఆ ఎనిమిదింటిలో ఆరుసార్లు దోఫినె విజేత టూర్‌ను పూర్తి చేయనేలేదు. 2011లో విగిన్స్ కాలర్‌బోన్ విరిగి వెళ్లిపోయాడు. 2014లో ఆండ్రూ టలాన్‌స్కీ, 2017లోనూ 2019లోనూ యాకోబ్ ఫుగల్‌సాంగ్, 2022లోనూ 2024లోనూ ప్రిమోజ్ రోగ్లిచ్ కిందపడి దెబ్బలు తగిలి మధ్యలోనే తప్పుకున్నారు. మిగిలిన రెండేళ్ల విజేతలు, 2020లో డానియెల్ మార్టినెజ్, 2021లో రిచీ పోర్ట్, టూర్‌లో మొదటి పదిమందిలోకి రాలేదు. దోఫినె గెలిచినవాడు టూర్‌లో రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో నిలిచిన సందర్భం ఈ పదిహేనేళ్లలో ఒక్కటీ లేదు. గెలిస్తే టూర్ ముగిసే పారిస్, లేకపోతే ఇల్లు అన్నట్టుగా ఉంది వ్యవహారం.

దీన్ని శాపమని రాసేవాళ్లున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. టూర్ మొదటి వారంలో ఇరుకు రోడ్ల మీద దాదాపు నూట ఎనభై మంది ఒకే చోటు కోసం తోసుకుంటారు. ఆ తోపులాటలో పడిపోయేవాడు ఎవడన్నది ఎనిమిది రోజుల కొండల రేసు చెప్పగలిగే విషయం కాదు. ఈ సాధనాన్ని వాడేవారు మొదట గుర్తుంచుకోవలసిన పరిమితి ఇదే.

ఇక దాని బలం సంగతి. అదే పదిహేనేళ్లలో టూర్ గెలిచినవాడు ఆ ఏడాది దోఫినెలో పాల్గొన్నవి పన్నెండు. ఆ పన్నెండింటిలో ప్రతిసారీ అతడు దోఫినెలో మొదటి ఏడు స్థానాల్లోనే ఉన్నాడు. అందరికన్నా కిందున్నది 2014లో ఏడో స్థానంలో వచ్చిన విన్సెంజో నిబాలి. 2017లో ఫ్రూమ్, 2020లో పొగాచర్ నాలుగో స్థానంలో, 2011లో కాడెల్ ఎవాన్స్, 2022లో వింగెగార్డ్ రెండో స్థానంలో నిలిచారు. కాబట్టి నేను దీన్ని విజేతను ఎంచే పరికరంగా వాడటం మానేసి, ఎవరిని కొట్టివేయవచ్చో చెప్పే జల్లెడగా వాడుతున్నాను. దోఫినెకు వచ్చి, కొండల మీద నిమిషాలు కోల్పోయి, పన్నెండో స్థానంలోనో పదిహేనో స్థానంలోనో నిలిచిన జట్టు నాయకుడు ‘ఇంకా మూడు వారాల సమయముంది, పుంజుకుంటాను’ అని విలేకరులకు చెప్పినప్పుడు ఆ మాటను మర్యాదగా విని పక్కన పెట్టడమే మంచిది. 2014లో ఫ్రూమ్ పన్నెండో స్థానానికి జారినప్పుడు కూడా అతని పేరు ఫేవరెట్ల జాబితా నుంచి పోలేదు. టూర్ ఐదో స్టేజిలోనే (ఒక్కో రోజు పోటీని స్టేజి అంటారు) అతను పడి వైదొలగడంతో ఆ అంచనా పరీక్షకే రాలేదు.

మొదటి పదిమందిని ఊహించే పనికైతే దీనికి సాటి లేదు. 2024 దోఫినెలో మొదటి నలుగురు రోగ్లిచ్, మాటియో జోర్గెన్సన్, డెరెక్ గీ, కార్లోస్ రోడ్రిగెజ్. టూర్‌లో రోగ్లిచ్ తప్పుకోగా మిగిలిన ముగ్గురూ వరుసగా ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో నిలిచారు, ముందు రోడ్రిగెజ్, తర్వాత జోర్గెన్సన్, ఆపైన గీ. 2025లో ఇంకా సూటిగా జరిగింది: దోఫినె పోడియం మీద నిలబడ్డ పొగాచర్, వింగెగార్డ్, ఫ్లోరియన్ లిపోవిట్జ్ అదే క్రమంలో టూర్ పోడియం మీదా నిలబడ్డారు. లిపోవిట్జ్ దోఫినెకు వచ్చేనాటికి టూర్ మూడో స్థానానికి అతని పేరు చెప్పినవారు చాలా తక్కువ.

అయితే చివరి పట్టికను మాత్రమే చూసి లాభం లేదు. ఏళ్ల తరబడి వాడాక నాకు స్థిరపడిన పద్ధతి ఏమిటంటే, ఫలితం కన్నా అది వచ్చిన తీరును చూడటం. 2022 చివరి స్టేజి సొలేసాన్ పీఠభూమి మీద ముగిసింది. పదకొండు కిలోమీటర్లకు పైగా సాగే ఆ ఎక్కుడు సగటు వాలు తొమ్మిది శాతం. రోగ్లిచ్, వింగెగార్డ్ ఇద్దరూ ఒకే జట్టు సహచరులు. వాళ్లు మిగిలినవారినందరినీ వదిలేసి జంటగా గీత దాటారు, మొత్తం మీద రోగ్లిచ్ మొదట, వింగెగార్డ్ తర్వాత. కానీ ఆ ఎక్కుడు సాగినంతసేపూ పదేపదే వెనక్కి తిరిగి చూసుకున్నదీ సహచరుడు అందుకునేందుకు వేగం సర్దుకున్నదీ వింగెగార్డ్. పట్టికలో రెండోవాడు నిజానికి బలవంతుడని ఆ రోజు ప్రసారం చూసిన ఎవరికైనా తెలిసేది. జూలైలో గ్రానోన్ కనుమ మీద పొగాచర్‌ను 2 నిమిషాల 51 సెకన్లు వెనక వదిలి, మొత్తం మీద ముందున్నవాడికి దక్కే పసుపు జెర్సీ వేసుకున్నది అతనే.

2024లో రోగ్లిచ్ ఆరో స్టేజీ ఏడో స్టేజీ గెలిచాడు. మర్నాడు గ్లియేర్ పీఠభూమి మీద జోర్గెన్సన్‌కు ముప్పావు నిమిషానికి పైగా కోల్పోయి, మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గట్టెక్కాడు. గెలిచాడన్నది పట్టిక చెప్పే మాట. వరుసగా మూడో కొండ రోజుకే కాళ్లలో సత్తువ తగ్గిందన్నది రేసు చెప్పే మాట. మూడు వారాల పోటీకి ఏది ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

2025 ఆరో స్టేజి ఇంకో రకమైన పాఠం. కోంబ్లూ ముగింపుకు ముందు వచ్చే దోమాన్సీ ఎక్కుడు రెండున్నర కిలోమీటర్లే ఉన్నా చాలా నిటారుగా ఉంటుంది. 2023 టూర్ టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరు విడిగా గడియారంతో పోటీపడే స్టేజిలో) వింగెగార్డ్ పొగాచర్ మీద 1 నిమిషం 38 సెకన్లు సంపాదించిన దారిలో అది కూడా ఒక భాగం. అదే వాలు మీద ఈసారి పొగాచర్ ఒక్కసారిగా విడిపోయి వింగెగార్డ్ కన్నా 1 నిమిషం 1 సెకను ముందు ముగించాడు. మరుసటి రోజు వల్మెనియెలో తేడా 14 సెకన్లే. ఆఖరి రోజు మోన్ సెనీ దగ్గర ఇద్దరూ కలిసే వచ్చారు. ఇక్కడ కొందరు వింగెగార్డ్ రోజురోజుకూ దగ్గరవుతున్నాడని లెక్క కట్టారు. నాకు కనిపించింది వేరు: ఆధిక్యం చేతికొచ్చాక పొగాచర్ అవసరమైనంతే తొక్కాడు. జూలైలో ఓతాకామ్ మీద ఆ తేడా 2 నిమిషాల 10 సెకన్లకు వెళ్లింది.

టైమ్ ట్రయల్ విషయంలో మాత్రం దోఫినెను నేను నమ్మను. అదే 2025లో 17.4 కిలోమీటర్ల సెన్ పెరే టైమ్ ట్రయల్‌లో రెమ్‌కో ఎవెనెపూల్ గెలవగా, వింగెగార్డ్ 20 సెకన్లు, పొగాచర్ 48 సెకన్లు వెనకబడ్డారు. నెల తిరగకుండానే టూర్‌లో కాన్ దగ్గర 33 కిలోమీటర్ల మీద మళ్లీ ఎవెనెపూలే గెలిచాడు గానీ, పొగాచర్ 16 సెకన్ల తేడాతో రెండో స్థానంలో ఉంటే వింగెగార్డ్ 1 నిమిషం 21 సెకన్లు కోల్పోయాడు. వాళ్లిద్దరి వరుస తారుమారైంది. అందువల్ల టూర్ మార్గంలో టైమ్ ట్రయల్ ఎంత పొడవుందో విడిగా చూసుకోవాలి. ఒంటరి టైమ్ ట్రయల్ కిలోమీటర్లు నూరు దాటిన 2012 టూర్‌లో విగిన్స్ వంటివాడికి ఉన్న విలువ, అవి 44 కిలోమీటర్లకు మించని 2025లో ఉండదు.

ఎత్తు కూడా అంతే. 2,413 మీటర్ల గ్రానోన్ లాంటి చోట పలచని గాలిలో ఎవరు కుదేలవుతారో, మూడో వారంలో ఎవరు ఖాళీ అవుతారో దోఫినె చూపించలేదు. 2023లో లోజ్ కనుమ మీద పొగాచర్ కుప్పకూలింది పదిహేడో స్టేజిలో.

కొండ ఎక్కిన సమయాన్ని బట్టి కిలో బరువుకు ఎన్ని వాట్లని లెక్కగట్టేవారి అంకెలను నేనూ చూస్తాను, కానీ గాలి దిశ, గుంపు వెనక దాక్కున్న దూరం తెలియకుండా ఒక్క ఎక్కుడు అంకెతో తీర్పు చెప్పేవాటిని పట్టించుకోను. దోఫినె చూడదలచినవారికి నా సలహా ఒకటే: భారత కాలమానంలో కొండ స్టేజీల చివరి గంట సాధారణంగా మనకు సాయంత్రమే పడుతుంది, ముఖ్యాంశాల వీడియోతో సరిపెట్టుకోకుండా ఆ గంట పూర్తిగా చూడండి.

అంకెలు ఇవ్వవలసి వస్తే, మొదటి పదిమందిని ఊహించే పనికి ఐదుకు నాలుగున్నర, విజేతను చెప్పే పనికి ఐదుకు రెండున్నర ఇస్తాను. స్విట్జర్లాండ్‌లో అదే నెలలో జరిగే టూర్ డి స్వీస్‌ను దీనికి ప్రత్యామ్నాయంగా వాడేవారున్నారు. 2025లో అక్కడ మూడో స్థానంలో వచ్చిన ఆస్కర్ ఆన్లీ టూర్‌లో నాలుగో స్థానం సాధించాడు, అక్కడ గెలిచిన జ్వావ్ అల్మెయిడా పడిపోయి టూర్ తొమ్మిదో స్టేజిలోనే ఇంటికి వెళ్లాడు. స్వీస్‌ను నేను దోఫినెకు తోడుగానే చూస్తాను తప్ప బదులుగా కాదు.

దోఫినెకు రానివారిని ఏం చేయాలన్నది ఇక మిగిలిన ప్రశ్న. పదిహేనేళ్లలో అలాంటి టూర్ విజేతలు మూడుసార్లే కనిపిస్తారు: 2019లో ఎగాన్ బెర్నాల్, 2021లోనూ 2024లోనూ పొగాచర్. మూడు సందర్భాల్లోనూ ఒక పోలిక ఉంది. బెర్నాల్ స్వీస్‌ను గెలిచి, పొగాచర్ ఒకసారి స్లొవేనియా పర్యటనను, ఇంకోసారి ఇటలీలో జరిగే మూడు వారాల రేసు జీరో డి'ఇటాలియాను గెలిచి టూర్‌కు వచ్చారు. కాబట్టి దోఫినె జాబితాలో పేరు లేనివాడిని వెంటనే కొట్టేయను. టూర్‌కు ముందు తాను చివరగా తొక్కిన స్టేజి రేసులో గెలిచాడా అని చూస్తాను, గెలిచి ఉంటే దోఫినెలో మొదటి ఏడుగురి పక్కన అతని పేరూ చేరుస్తాను.