యూడీఐడీ కార్డు: సీటు దాకా భేష్, పరీక్ష హాల్లోకి ఇదొక్కటే చాలదు

ఇంటర్ అయ్యి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరబోయే దివ్యాంగ విద్యార్థి యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కార్డు) తీసుకోవాల్సిందే. అందులో రెండో మాట లేదు. కార్డు చేతికొచ్చింది కదా, ఇక కాలేజీలో అన్నీ వాటంతటవే జరిగిపోతాయనుకుంటే మాత్రం మొదటి మిడ్ పరీక్షకే ఇబ్బంది మొదలవుతుంది. ఏ వైకల్యం, ఎంత శాతం, ఎప్పటిదాకా చెల్లుతుంది: కార్డు చెప్పేది ఇంతే. పెన్ను పట్టి మూడు గంటలు రాయగలరా, మూడో అంతస్తు ఎక్కగలరా, వెనక బెంచీకి పాఠం వినిపిస్తుందా అన్నవి అందులో ఉండవు. కాలేజీ ఇవ్వాల్సిన సౌకర్యాలన్నీ వాటిమీదే ఆధారపడతాయి.

ముందు కార్డు సంగతి. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు, ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, చిరునామా రుజువు, పరీక్ష చేయించుకునే ఆసుపత్రి ఎంపిక. ఫారం పెద్ద కష్టమేమీ కాదు. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆ వివరాలతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమయ్యేది డాక్టర్ల పరీక్ష దగ్గరే. దివ్యాంగుల హక్కుల నిబంధనలకు 2024 అక్టోబరులో చేసిన సవరణలో వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే గడువును నెల నుంచి మూడు నెలలకు పెంచారు. కాబట్టి జూన్, జూలైలో కౌన్సెలింగ్ ఉంటే జనవరిలోనే దరఖాస్తు పడాలి. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అంటే రిజర్వేషన్ సీటు చేజారినట్టే. కార్డు రంగును బట్టి శాతం తెలిసిపోతుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం.

దరఖాస్తులో ఎక్కువమంది చేసే పొరపాటు, ప్రధానమైన ఒక్క వైకల్యానికే టిక్ పెట్టి ఊరుకోవడం. రెండు ఉంటే రెండూ చూపించాలి. లెక్క మామూలు కూడిక కాదు. పెద్ద శాతాన్ని 90 నుంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 30, వినికిడికి 20 ఉందనుకోండి. విడివిడిగా ఏదీ 40కి చేరదు. కలిపితే 43 దాటుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు 40 శాతం గీత దాటినవాళ్లకే కాబట్టి ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది.

పేరు విషయంలో కార్డు ఆధార్‌ను పట్టుకుని వస్తుంది, కాలేజీ పదో తరగతి మెమోను చూస్తుంది. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే అడ్మిషన్ కౌంటర్లో ఆపేస్తారు. దరఖాస్తుకు ముందే ఆధార్‌ను మెమోకు సరిపోయేలా దిద్దించుకోండి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే దాని గడువు కోర్సు మధ్యలో ముగుస్తుందేమో చూసుకోండి. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలకైతే బడిలో తీసుకున్న సర్టిఫికెట్ కాలేజీకి పనికిరాకపోవచ్చు. 18 ఏళ్లు నిండాక మళ్లీ పరీక్ష చేయించుకుని తీసుకున్నది శాశ్వతంగా చెల్లుతుంది.

అసలు చిక్కు రాత దగ్గర. స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే వ్యక్తి) విషయంలో 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాలు అంధత్వం, రెండు చేతులకూ వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిని ఒక గుంపుగా పెట్టాయి. వాటి ప్రకారం వారు అడిగితే చాలు. మిగతావారు, 40 శాతం దాటినా సరే, చేత్తో రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ స్థాయి వైద్యాధికారి నుంచి నిర్ణీత నమూనాలో విడిగా సర్టిఫికెట్ తేవాలి. చాలామంది దీన్ని హాల్ టికెట్ వచ్చిన వారంలో గుర్తు చేసుకుని పరుగులు పెడతారు. యూడీఐడీ పరీక్షకు వెళ్లిన రోజే నమూనా ప్రింటు పట్టుకెళ్లి అడిగితే రెండో తిరుగుడు తప్పుతుంది. కార్డు తోడుగా ఈ కాగితాన్ని కూడా ఒకేసారి ఇచ్చే ఏర్పాటు లేకపోవడం ఈ సేవలో పెద్ద లోపమనే చెప్పాలి.

తెల్ల కార్డు వచ్చిందని స్క్రైబ్‌ను వదులుకోనక్కర్లేదు. రైటర్స్ క్రాంప్ (రాస్తుంటే చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య) ఉన్న అభ్యర్థి వేసిన వికాశ్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్‌కు 40 శాతం ఉండాలన్న షరతు చెల్లదని తేల్చింది. దాని తర్వాత 2022 ఆగస్టులో 40 లోపు ఉన్నవారికి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. కాలేజీ క్లర్కు కార్డు రంగు చూసి కుదరదంటే ఈ రెండూ జతచేసి లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాటగా వాదించినందువల్ల ఒరిగేదేమీ లేదు.

అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది, గంటన్నర మిడ్ రెండు గంటలవుతుంది. కాగితం మీద సులువే. ఒకే రోజు రెండు మిడ్‌లు పెట్టే కాలేజీల్లో మాత్రం మొదటిది ముగిసేసరికి రెండోదాని టైం అయిపోతుంది. టైంటేబుల్ రాగానే విరామం సరిచేయమని అడగాలి. ఇంకో సంగతి: అఫిలియేటెడ్ కాలేజీలో మిడ్‌లు కాలేజీ చేతిలో, సెమిస్టర్ పరీక్షలు యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. ప్రిన్సిపాల్ ఇచ్చిన అనుమతి మిడ్‌లకే. సెమిస్టర్‌కు ప్రిన్సిపాల్ ద్వారా కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు విడిగా దరఖాస్తు వెళ్లాలి, అదీ పరీక్ష ఫీజు కట్టేటప్పుడే. ఆ ఉత్తర్వు పరీక్ష కేంద్రానికి చేరకపోవడం మామూలే. రెండు కాపీలు దగ్గర పెట్టుకుని ఒకటి చీఫ్ సూపరింటెండెంట్‌కు ముందు రోజే అందించండి. చెప్పి రాయించేవాళ్లకు వేరే గది కావాలని కూడా అందులోనే రాయించండి. లేకపోతే హాల్లో ఓ మూల కూర్చోబెట్టి గుసగుసగా చెప్పమంటారు.

సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే 2018 నిబంధన ప్రకారం వారి చదువు మీకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. ఈ నిబంధన తర్వాత మారుతూ వచ్చింది కాబట్టి ఆ సెమిస్టర్ సర్క్యులర్ చూసుకోవాలి. లెక్కలు, సర్క్యూట్లు ఉన్న సబ్జెక్టుకు ఇంటర్ చదివే కుర్రాడిని నేరుగా కూర్చోబెడితే ‘ఎక్స్ స్క్వేర్ బై టూ’ అన్నది రెండు రకాలుగా రాయొచ్చు: స్క్వేర్‌ను రెండుతో భాగించినట్టు, లేదా మొత్తాన్ని స్క్వేర్ చేసినట్టు. బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రతిసారీ నోటితో చెప్పడం ఇద్దరికీ అలవాటవ్వాలి.

తరగతి గది సౌకర్యాలకు ‘తగిన సదుపాయాలు కల్పించగలరని ప్రార్థన’ అని రాసిన అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది. మొదటి సంవత్సరం సెక్షన్ కింది అంతస్తులో, ల్యాబ్‌లో అసిస్టెంట్, మొదటి వరసలో సీటు, వైవా ప్రశ్నలు రాతలో, హాస్టల్లో కింది గది, వెస్టర్న్ టాయిలెట్: ఏది కావాలో ఒక్కొక్కటిగా, ఏ తేదీలోగా కావాలో రాయండి. కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ (సమాన అవకాశాల విభాగం) ఉంటే అక్కడ, లేకుంటే ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

చూపు సమస్య ఉన్నవారు నోట్స్ గురించి ఇంకాస్త వివరంగా అడగాలి. ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన పేజీలను స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నేరుగా చదవలేదు. తెలుగు మెటీరియల్‌తో ఇంకో తంటా ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం తెరమీద ముత్యాల్లా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, వేరే గుర్తులు. రీడర్ వాటినే చదివి అర్థంలేని చప్పుడు చేస్తుంది. ‘సాఫ్ట్ కాపీ ఇవ్వండి’ అంటే సరిపోదు, యూనికోడ్‌లో (అసలైన తెలుగు అక్షరాలుగానే దాచే పద్ధతిలో) కావాలని అడగండి.

కార్డు వల్ల తేలిగ్గా జరిగేది స్కాలర్‌షిప్. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పోస్ట్ మెట్రిక్‌కు (పదో తరగతి తర్వాతి చదువులకిచ్చేది) వైకల్యం 40 శాతం, కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉంటే చాలావరకు సాఫీగానే నడుస్తుంది. హాజరు సడలింపు మాత్రం కార్డుతో రాదు. ఫిజియోథెరపీకో ఆసుపత్రికో వెళ్లిన ప్రతిసారీ అప్పటికప్పుడే మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చేయాలి. సెమిస్టర్ చివర్లో అన్నీ కట్టగా తెచ్చిస్తే ఒప్పుకోరు.

ప్రైవేటు కాలేజీ ‘మాకు ఆ చట్టం వర్తించదు’ అంటే నమ్మకండి. 5 శాతం సీట్ల సంగతి వేరు. సౌకర్యాల విషయంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందేవాటితో పాటు గుర్తింపు పొందిన సంస్థలనూ కలుపుతుంది. అక్కడా పని జరగకపోతే ఇన్‌వర్డ్ నంబరున్న అర్జీ కాపీ, మెడికల్ సర్టిఫికెట్, కార్డు నకలు జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపొచ్చు.