పాత హార్మోనియం ఉందా? విజయనగరంలో బోర్డు లేని ఈ కొట్టుకి పట్టుకెళ్ళండి

మూడు లాంతర్ల నుంచి కోట వైపు వెళ్ళే సందుల్లో ఒకదాంట్లో, టైలరు కొట్టు పక్కన చిన్న గది. బోర్డు లేదు. హార్మోనియం బాగుచేసే గురువుగారు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. లోపల రీడ్ల (గాలికి మోగే ఇత్తడి నాలుకలు) డబ్బాలు, తోలు ముక్కలు, విప్పి పడేసిన పెట్టెలు. కూర్చోడానికి ఉన్నది ఒకే స్టూలు, దాని మీదా ఎవరిదో తబలా ఉంటుంది. నిలబడే మాట్లాడాలి.

నేను తీసుకెళ్ళింది నాన్న హార్మోనియం పెట్టె. 39 మెట్లు, మెట్టుకి రెండు చొప్పున రీడ్లు రెండు వరసలు, అంటే 78 ఇత్తడి రీడ్లు. గాలి కొట్టే తిత్తిని ఎలకలు కొరికేశాయి. మధ్య స్థాయిలో కొన్ని మెట్లు నొక్కితే పైకి లేవవు, ఒకటి నొక్కకుండానే మోగుతుంది. అంతకుముందు వేరే ఊళ్ళో ఒకాయనకి చూపిస్తే, "దీనికి పెట్టే డబ్బుకి కొత్తదే వస్తుందమ్మా" అని తేల్చేశారు. ఈయన పెట్టె విప్పకముందే అడిగారు: "దీంతో ఎవులు పాడతారమ్మా? పక్కన కీబోర్డు గానీ ఉంటాదేటి?"

ఆ ప్రశ్న కోసమే ఈ రివ్యూ. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ పెట్టి ఒక్కో మెట్టూ వాయించి చూపించారు. ఇప్పటి కీబోర్డులు 440 లెక్కకి (A స్వరం సెకనుకి 440 కంపనాలు) ఉంటాయి, మా పెట్టె మొత్తం దానికి కాస్త పైన పలుకుతోంది. అన్ని మెట్లూ ఒకేలా పైన ఉన్నాయి కాబట్టి అది చెడిపోవడం కాదు, దాని పుట్టు శ్రుతే అంత అన్నారు. దించాలంటే ప్రతి రీడునీ రివిటు దగ్గర గీకాలట, కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుందట. "పాత ఇత్తడమ్మా. గీకీసినాక మరి ఎనక్కి రాదు. ఆలోసించుకోండి."

నేను ఆలోచించుకున్నది వేరే. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చి మా రామమందిరంలో భజనకి ఈ పెట్టె వాయించేవారు. తన రెండు చేతులూ మెట్ల మీదే ఉండాలని తిత్తి నాకు అప్పజెప్పారు. అప్పటికి నాకు అక్షరాలు రావు. పల్లవి వస్తోందంటే గాలి నింపాలి, చరణం చివర ఆయన గొంతు సన్నబడితే వదలాలి, వెనక పాడేవాళ్ళు అందుకునే లోపే మళ్ళీ కొట్టాలి. పద్యం ఎక్కడ విరుగుతుందో ముందు చేతికి తెలిసింది, చదవడం తరవాత వచ్చింది. ఇప్పుడు మా బడిలో వేమన పద్యం చెప్పేటప్పుడు ఊపిరి తియ్యాల్సిన చోటల్లా నా ఎడమ చెయ్యి కదులుతుంది. పిల్లలు నన్ను వెక్కిరిస్తూ వాళ్ళూ ఊపుతారు. వాళ్ళకి పద్యం మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇంకోటి. ఏ పాట ఎత్తుకున్నా నాకు రెండున్నర శ్రుతిలోనే (కీబోర్డు మీద D#) వస్తుంది. ప్రార్థన దగ్గర "కాస్త దించండి మేడమ్" అని మా హెడ్మాస్టరు గారు అంటూనే ఉంటారు. వార్షికోత్సవాల్లో కీబోర్డు అబ్బాయి ఆ రెండున్నరే ఇచ్చినా అదేమిటో నీరసంగా వినిపించేది. కారణం ఆ యాప్ దగ్గర దొరికింది: నా చెవి నాన్న పెట్టెతో పాటు 440కి కాస్త పైన ఉండిపోయింది. శ్రుతి ముట్టుకోవద్దని చెప్పేశాను.

నాన్నకి గురువంటూ ఎవరూ లేరు. కానీ విజయనగరం వస్తే సంగీత కళాశాల గేటు దాకా తీసుకెళ్ళి చూపించేవారు. 1919లో పెట్టిన కళాశాల, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఘంటసాల, సుశీల చదివింది ఇక్కడే. ఇవి ఇక్కడ అందరికీ తెలిసినవే. నాన్నకి కావలసింది పెట్టె సంగతి: ఇక్కడ ఘంటసాలకి పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి అబ్బాయి సంగీతరావు గారు, మద్రాసులో అదే ఘంటసాల పక్కన కూర్చుని హార్మోనియం వాయించారని. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, దాంట్లో రాదని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియంని గుమ్మం ఎక్కనివ్వలేదు. "గమకం మనం పాడతాం, అది పట్టుకుని నిలబడితే చాలు" అనేవారు నాన్న.

సరే, పని సంగతి. తిత్తికి కొత్త తోలు బాగా వేశారు, గాలి ఎక్కడా కారడం లేదు. తేమకి ఉబ్బిన మెట్లని పక్కల రాసి సరిచేశారు. విరిగిన రీడ్ల స్థానంలో గుజరాత్ పాలిటానాలో చేసిన రీడ్లు వేసి పెట్టె శ్రుతికి కలిపారు. వాటిలో పై స్థాయి నల్లమెట్టు ఒకటి రేకులా మోగుతోంది. "వాయించగా వాయించగా సర్దుకుంటాది" అన్నారు, ఇంకా సర్దుకోలేదు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, ఫోను ఎత్తరు, రసీదు రాయరు. 3,500 అని మొదలుపెట్టి తోలు ఖరీదు కలిపి 4,200 తీసుకున్నారు. బేరానికి దిగరు.

కొత్త పెట్టె కొనడానికైతే ఇక్కడికి రాకండి, ఆయన దగ్గర చూపించడానికి ఏమీ ఉండవు. కీబోర్డుతో కలిపి వాయించే పిల్లలున్నవాళ్ళు 440 కావాలని ముందే చెప్పండి, లేకపోతే ఆయన పాత శ్రుతి వైపే మొగ్గుతారు. భజన పెట్టెలున్నవాళ్ళు కార్తీకంలోనే ఇచ్చెయ్యండి. ధనుర్మాసం దగ్గరపడితే చుట్టుపక్కల ఊళ్ళ పెట్టెలన్నీ అక్కడే వరసలో ఉంటాయి.

అయిదుకి నాలుగు. రసీదు ఇచ్చుంటే నాలుగున్నర.