ఫ్రెష్ ఎయిర్, డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్: ఏది మేలు?

రచయితలు, చిత్రకారులు, శాస్త్రవేత్తలు తమ పని గురించి చెప్పుకునే మాటలు వినాలంటే పబ్లిక్ రేడియోలో ఏ కార్యక్రమంతో మొదలుపెట్టాలని మిత్రులు తరచూ అడుగుతున్నారు. అసలు పోటీ రెండింటి మధ్యే ఉంది: అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి టెరీ గ్రాస్ నడిపే ‘ఫ్రెష్ ఎయిర్’, బీబీసీ వారి ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’.

నిర్జన ద్వీపానికి వెంట తీసుకుపోయే ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఏవని అడగడం 1942లో మొదలైన ఈ బీబీసీ కార్యక్రమం పద్ధతి. వివిధభారతి జయమాలలో సినీతారలు పాటల మధ్య చెప్పే కబుర్లు విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. అతిథి ఇక్కడికి తన తాజా పుస్తకాన్ని అమ్ముకోవడానికే రానక్కరలేదు కాబట్టి, పాట వంకతో ఎక్కడా చెప్పని సంగతుల్లోకి వెళ్తాడు. 1992 క్రిస్మస్ నాటి ప్రసారంలో మాట పోయి యంత్రం సాయంతో మాట్లాడే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, జర్మన్ స్వరకర్త వాగ్నర్‌నూ ఇంగ్లండు పాప్ బృందం బీటిల్స్‌నూ ఒకే జాబితాలో చేర్చారు. జబ్బు బయటపడిన రోజుల్లో వాగ్నర్ సంగీతంలోని చీకటి తన మనఃస్థితికి సరిపోయిందని చెప్పారు. విలాస వస్తువుగా క్రెం బ్రూలే అనే మీగడ తీపివంటకం కోరుకున్నారు. యంత్రస్వరం వెనక ఉన్న మనిషి అంత దగ్గరగా కనిపించడం అరుదు. అయితే హక్కుల చిక్కు వల్ల పాడ్‌కాస్ట్‌లో పాటలు ముక్కలుగానే వినిపిస్తాయి. ప్రాణం పాటల్లోనే ఉన్న కార్యక్రమానికి అది చిన్న లోటు కాదు.

ఫ్రెష్ ఎయిర్ సంభాషణలు ఎక్కువగా కొత్త పుస్తకమో సినిమానో వచ్చిన సందర్భంలోనే జరుగుతాయి, కాబట్టి ప్రచారపు వాసన కొంత తప్పదు. గ్రాస్ చాలామందితో ఎదురెదురుగా కూర్చోరు; అతిథి మరో ఊరి స్టూడియోలో ఉంటే ఈమె చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడతారు.

అయినా నేను దీనివైపే మొగ్గుతాను. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: అదే మనిషిని అదే గొంతు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పలకరించడం. గ్రాస్ 1975 నుంచీ ఈ కార్యక్రమంలో ఉన్నారు. పిల్లల పుస్తకాల రచయిత, చిత్రకారుడు మారిస్ సెండాక్‌తో ఆమె 1980ల నుంచి పలుమార్లు మాట్లాడారు. 2011లో కొత్త పుస్తకం సందర్భంగా ఫోనులో మొదలైన సంభాషణ, పోయిన స్నేహితుల మీదికీ ముసలితనం మీదికీ మళ్లింది. మీకన్నా ముందు నేనే పోతాను కాబట్టి మీరు లేని లోటు నాకు తెలియదన్నట్టు ఆయన ఆమెతోనే అన్నారు. మరుసటి ఏడాది మే నెలలో ఆయన మరణించారు. ఏ పరిచయమూ లేని వ్యాఖ్యాతతో ఎవరూ అలా మాట్లాడరు. ద్వీపానికి చాలామంది ఒక్కసారే వెళ్తారు. నాలుగుసార్లు వెళ్లిన ప్రకృతి చిత్రాల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరోకు కూడా వ్యాఖ్యాతలు మారిపోయారు.

కేవలం సాహిత్యం చాలనుకునేవారికి ఎలినార్ వాక్‌టెల్ 1990 నుంచి 2023 దాకా కెనడా రేడియో సంస్థ సీబీసీలో నడిపిన ‘రైటర్స్ అండ్ కంపెనీ’ ఉంది. శాస్త్రవేత్తల మాటే కావాలనుకుంటే బీబీసీలో జిమ్ అల్-ఖలీలీ ‘ది లైఫ్ సైంటిఫిక్’ వినవచ్చు.