3060 టీఐ, 3060: మూడేళ్ల వాడకం తర్వాత నేను వెనక్కి తీసుకుంటున్న మాట

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులైన ఆర్‌టీఎక్స్ 3060 టీఐ, మామూలు ఆర్‌టీఎక్స్ 3060 నా దగ్గర దాదాపు మూడేళ్లు రెండు వేర్వేరు కంప్యూటర్లలో పనిచేశాయి. టీఐ ప్రధాన కంప్యూటర్‌లో ఉండేది. మామూలు 3060ని రెండో దానిలో పెట్టి చిన్నాచితకా పనులు మాత్రమే అప్పగించేవాణ్ణి. సలహా అడిగిన ప్రతివారికీ ఆ రెండింటికీ పోలికే లేదని, 3060లోని 12 జీబీ మెమరీ పెట్టె మీద అచ్చువేసుకోవడానికే తప్ప మరెందుకూ పనికిరాదని ధీమాగా చెప్పేవాణ్ణి. ఆ మాటలో మొదటి సగాన్ని ఇప్పటికీ కొంతవరకు సమర్థించుకోగలను. రెండో సగాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

వేగం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లెక్కలు చేసే చిన్న యూనిట్లయిన సీయూడీఏ (CUDA) కోర్లు టీఐలో 4,864, 3060లో 3,584 ఉన్నాయి. మెమరీ వేగం కూడా సెకనుకు 448 జీబీ, 360 జీబీ చొప్పున టీఐ వైపే మొగ్గుతుంది. నేను ఆడే ఆటల్లో ఆ తేడా నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కనిపించేది, 1440పీ తెర మీద అది కంటికి తెలిసేది కూడా. అందుకే నా ధీమాకు ఆధారం లేకపోలేదు.

నా జీవనం మాత్రం ఆటల మీద కాదు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో భవనాల లోపలి దృశ్యాలు తయారుచేయడం మీద నడుస్తుంది. ఒకసారి పెద్ద గ్రంథాలయం హాలు దృశ్యం చేయవలసి వచ్చింది. చెక్క బీరువాలు, తోలు కుర్చీలు, రాతి నేల, వేల పుస్తకాల అట్టలు, ఇలా ప్రతిదానికీ 4కే టెక్స్చర్లు (వస్తువు ఉపరితలం మీద అతికించే బొమ్మలు) తగిలించి, రాత్రి రెండరింగ్‌కు, అంటే దృశ్యాన్ని తుది చిత్రాలుగా మార్చడానికి, పెట్టి పడుకున్నాను. ఉదయానికి ముప్ఫై ఫ్రేములు పూర్తికావాలని నా లెక్క. లేచి చూస్తే మూడోది ఇంకా సగంలోనే ఉంది.

మొదట వేడిని అనుమానించాను, కానీ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటలేదు. కార్డు ఊడదీసి దుమ్ము దులిపాను, పవర్ కేబుల్ తీసి మళ్లీ పెట్టాను, డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి కొత్తగా వేశాను. సగం రోజు ఇలా గడిచాక, అసలు ఆధారం మొదటి నుంచీ నా చెవుల ముందే ఉన్నదని తట్టింది: ఫ్యాన్ల చప్పుడే లేదు. నిజంగా శ్రమిస్తున్న టీఐ 200 వాట్ల దగ్గర తిరుగుతూ గదంతా వినిపిస్తుంది. ఆ రోజు వినియోగం నూటికి నూరు శాతమని తెర మీద చూపిస్తూనే, అందులో సగం కరెంటు కూడా తీసుకోవడం లేదు. అంటే కార్డు పని చేయడం లేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే కార్డు సొంత మెమరీ 8 జీబీ అంచుదాకా నిండి ఉంది, దాని కింద షేర్డ్ మెమరీ (కంప్యూటర్ ర్యామ్ నుంచి కార్డు వాడుకునేది) గీత మరో మూడు జీబీ మేర లేచి నిలబడి ఉంది.

కారణం తెలిశాక లెక్క చాలా సులువుగా కనిపించింది. ఒక 4కే టెక్స్చర్ అంటే అడ్డంగా 4,096, నిలువుగా 4,096 పిక్సెళ్లు. పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున అది ఒక్కటే 64 ఎంబీ అవుతుంది. ఒక్కో వస్తువుకు రంగు, నునుపు, ఎగుడుదిగుడులు అంటూ మూడు నాలుగు టెక్స్చర్లు పెడితే, ముప్ఫై నలభై వస్తువులకే 8 జీబీ అంచు కనిపిస్తుంది. సొంత మెమరీలో పట్టనిది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి ప్రతిసారీ కార్డును మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ దారిలోనే రావాలి. నా మదర్‌బోర్డు పాతది, పీసీఐఈ 3.0 మాత్రమే, పదహారు లేన్లూ కలిపినా సెకనుకు 16 జీబీ లోపే. పెరటి బావి ఎండిపోతే ఊరవతల చెరువు నుంచి బిందెలతో మోసుకున్నట్టు, 448 జీబీ వేగానికి అలవాటుపడ్డ చిప్ ఈ సన్నదారి దగ్గర కాచుకుని కూర్చుంది.

అదే ఫైలును రెండో కంప్యూటర్‌లోకి కాపీ చేశాను, పెద్దగా ఆశేమీ లేకుండానే. 3060 ఫ్యాన్లు నిమిషంలో వేగం అందుకున్నాయి, కరెంటు వాడకం 170 వాట్లను తాకింది, మెమరీ 11 జీబీ దగ్గర ఆగింది. సాయంత్రానికి మొత్తం ఫ్రేములు పూర్తయ్యాయి. మూడేళ్లుగా మూలన కూర్చోబెట్టిన కార్డు గడువు తప్పకుండా నన్ను గట్టెక్కించినప్పుడు కలిగిన సంతోషంలో కొంత సిగ్గు కూడా కలిసి ఉందని ఒప్పుకోవాలి.

ఆ 12 జీబీ వెనుక ఉదారత కంటే లెక్కే ఎక్కువ ఉన్నట్టు నాకనిపిస్తుంది. 3060లో ప్రధాన చిప్‌కూ మెమరీకీ మధ్య ఉన్న దారి వెడల్పు 192 బిట్లు, ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్లు కావాలి, కాబట్టి ఆరు చిప్‌లు పడతాయి. ఒక్కొక్కటి 1 జీబీ అయితే మొత్తం 6, 2 జీబీ అయితే 12. 6 మరీ తక్కువ కాబట్టి 12 పెట్టి ఉంటారు. 256 బిట్ల టీఐలో ఎనిమిది చిప్‌లు, ఒక్కొక్కటి 1 జీబీ. వెడల్పులో తక్కువైన కార్డుకే చోటు ఎక్కువ రావడానికి కారణం ఇంతే.

అయితే 3060ని మరీ ఆకాశానికెత్తేయడం కూడా సరికాదు. గడువు తీరాక తీరిగ్గా అదే దృశ్యంలో వెనుక వరుస పుస్తకాలకు, కెమెరాకు దూరంగా ఉన్న బీరువాలకు 2కే టెక్స్చర్లు పెట్టి చూశాను. ఒక్కోటి 64 నుంచి 16 ఎంబీకి దిగింది, చిత్రంలో తేడా నాకే కనిపించలేదు, దృశ్యం 8 జీబీలో ఇమిడిపోయింది. అప్పుడు టీఐ ఎప్పటిలాగే 3060 కంటే ముందుగా ముగించింది. కాబట్టి ఆ రాత్రి తప్పులో సగం నా బద్ధకానిది. అయినా ప్రతి దృశ్యంలో ఏ వస్తువుకు ఎంత ఖర్చవుతోందో లెక్క చూసుకుంటూ కూర్చోవడం కంటే, కొంచెం నెమ్మదిగా అయినా నిశ్చింతగా నడిచే కార్డు నా పనికి మేలనిపిస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఒక హెచ్చరిక. 2022 చివర్లో 3060 పేరుతోనే 8 జీబీ రకం కూడా వచ్చింది. దాని మెమరీ దారి 128 బిట్లే, వేగం సెకనుకు 240 జీబీయే. నేను పొగిడింది దాన్ని కాదు, కాబట్టి పేరు చూసి కాకుండా మెమరీ అంకె చూసి కొనండి. అదే కాలంలో జీడీడీఆర్6ఎక్స్ అనే మరింత వేగవంతమైన మెమరీతో వచ్చిన టీఐ వేగం పెంచుకుంది గానీ, పరిమాణంలో 8 జీబీ దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు 3060 నా ప్రధాన కంప్యూటర్‌లో ఉంది. టీఐ మా తమ్ముడికి వెళ్లింది. వాడు 1080పీ తెర మీద ఆటలు తప్ప మరేమీ పట్టించుకోడు, వాడి అవసరానికి నేనైనా మళ్లీ టీఐనే ఎంచుతాను. కిందటి నెల ఒక కొత్త ఆటలో సగటు ఫ్రేములు బాగానే ఉన్నా మలుపు తిరిగినప్పుడల్లా క్షణంపాటు బిగుసుకుపోతోందని ఫోన్ చేశాడు. టెక్స్చర్ల సెట్టింగ్ ఒక మెట్టు దించమన్నాను. సర్దుకుందట.