నెలజీతమా, ఫ్రీలాన్సింగా? బెజవాడ, గుంటూరులో ఉంటూ ఏది మేలు?

"ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్ చేద్దామనుకుంటున్నా, ఏది మేలంటారు?" అని అడిగేవాళ్లను ముందు ఒకటే అడగాలి: ఎందుకు మానేద్దామనుకుంటున్నారు? డబ్బు చాలకా, ఊరు వదల్లేకా, మేనేజర్ పోరు పడలేకా, పిల్లలు చిన్నవాళ్లనా? కారణాన్ని బట్టి జవాబు మారిపోతుంది. పటమటలో కూర్చుని అమెరికా వాళ్లకు కోడ్ రాసే కుర్రాడికి, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకు పేజీలు కట్టే డీటీపీ మనిషికి, బ్రాడీపేటలో నాలుగైదు షాపుల ట్యాలీ లెక్కలు చూసే అమ్మాయికి ఒకే సలహా పనికిరాదు.

ఇక్కడ పోల్చేవి మూడు. ఒకటి నెలజీతం. రెండోది పూర్తి ఫ్రీలాన్సింగ్. మూడోది ఈ రెండిటి మధ్యది: ఒకరిద్దరు పార్టీలతో నెలవారీ ఒప్పందం. (మన ఊళ్లలో క్లయింట్‌ను 'పార్టీ' అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే మాట.)

డబ్బు కోసమైతే

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చేతికి 40,000 వచ్చే ఉద్యోగం వదిలేవాళ్లు వేసుకునే లెక్క ఇలా ఉంటుంది: నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 200 గంటలు, అంటే గంటకు 200 రూపాయలు. "350 అడుగుదాం, దాదాపు రెట్టింపు వస్తుంది" అనుకుంటారు. రాదు.

అసలు లెక్క ఇది. ఏడాదిలో ఆదివారాలు, సగం శనివారాలు, పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు తీసేస్తే మిగిలేవి 250 రోజులు, అంటే 2,000 గంటలు. అందులో పార్టీ కోసం వెతకడం, కొటేషన్లు, ఫోన్లు, బిల్లు వసూళ్లు, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం పోను డబ్బు రాల్చే గంటలు మహా అయితే 1,150. ఇక రావలసిన మొత్తం: చేతి జీతం ఏడాదికి 4,80,000. బేసిక్ 20,000 అనుకుంటే ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం కలిపి పీఎఫ్ 57,600. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కేస్తే 11,500 పైచిలుకు. కుటుంబానికి ఆరోగ్య బీమా 22,000 అనుకోండి. ఇంతవరకు 5,71,000.

దీనికి పెట్టుబడి కలపాలి. 70,000 ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 17,500. ఇంటర్నెట్ 12,000. ఇన్వర్టర్ బ్యాటరీ వాటా 4,000. సాఫ్ట్‌వేర్ చందాలు 20,000. ఆడిటర్‌కు 6,000. ఏసీ కరెంటుకు అదనంగా 15,000. రోహిణి కార్తెలో బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ లేకుండా పని చేస్తానన్నవాళ్లు మే నెల ఒకసారి చూసొచ్చి ఆ అంకె కొట్టేసుకోవచ్చు. మొత్తం 74,500. వంద రూపాయల బిల్లులో ఐదైనా మునుగుతాయి, అదీ కలపాలి. అంతా కూడితే ఏడాదికి 6,80,000 బిల్లు చేయాలి, గంటకు 590. అంటే 200 కాదు, దాదాపు మూడింతలు.

గంటకు 350 చొప్పున చేస్తే ఏమవుతుంది? 4,02,500 బిల్లు, మునిగింది పోను 3,82,000, ఖర్చులు పోను నెలకు 25,600. పీఎఫ్ లేదు, బీమా లేదు. నష్టం మొదటి ఏడాది కనబడదు. ల్యాప్‌టాప్ పాడైన రోజున, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ పడిన రోజున కనబడుతుంది.

కాబట్టి 40,000 స్థాయిలో డబ్బే కారణమైతే ఉద్యోగమే మేలు. గంటకు 600 పైన ఇచ్చే పార్టీలు ఇద్దరైనా ముందే చేతిలో ఉంటే మాట వేరు.

పన్ను ఆదా మాటకొస్తే

"ఫ్రీలాన్సర్‌కు సగం మీదే పన్ను" అన్న మాట నిజమే, కానీ అందరికీ కలిసొచ్చేది కాదు. సెక్షన్ 44ఏడీఏ కింద ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, ఐటీ లాంటి నిర్ణీత వృత్తులవాళ్లు రాబడిలో 50 శాతాన్ని లాభంగా చూపి రిటర్ను వేయొచ్చు. ఖర్చుల పుస్తకాలు అక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షలు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్ మారింది కానీ పద్ధతి ఇదే. రచయితలు, అనువాదకులు, డిజైనర్లు ఈ జాబితాలోకి వస్తారా రారా అన్నది ఆడిటర్‌తో తేల్చుకున్నాకే రిటర్ను వేయాలి.

అయితే 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాడికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 దాకా పన్నే లేదు. 40,000 జీతానికి పన్ను సున్నా అయినప్పుడు ఆదా చేసేదేముంది? తేడా పైస్థాయిలో తెలుస్తుంది. 20 లక్షల జీతానికి సెస్సుతో కలిపి పన్ను 1,92,400. అదే 20 లక్షలు 44ఏడీఏ కింద వస్తే లాభం సగం, అంటే 10 లక్షలే; 12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి కట్టేది సున్నా. గన్నవరం మేధా టవర్స్‌లోనో మంగళగిరి ఐటీ పార్కులోనో సీనియర్‌గా ఉన్న ఇంజినీర్‌కు ఇది గట్టి కారణమే. కాకపోతే ఏడాదికి 20 లక్షలు దాటగానే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇక్కడి పార్టీకి 18 శాతం వేయాలి; విదేశీ పార్టీ అయితే ఏటా ఎల్‌యూటీ (ఎగుమతి కోసం ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేసి పన్ను లేకుండా బిల్లు ఇవ్వొచ్చు. ఎల్‌యూటీ మర్చిపోతే ముందు పన్ను కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాలి.

చిన్న ఫ్రీలాన్సర్లను సతాయించేది టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పన్ను కింద కోసిపెట్టే డబ్బు. ఒక పార్టీ నుంచి ఏడాదికి 50,000 దాటితే కంపెనీలు వృత్తి సేవలకు 10 శాతం కోసుకునే ఇస్తాయి. మీకు పన్నే లేకపోయినా ఆ డబ్బు రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా చేతికి రాదు. అది పన్ను కాదు, మీ డబ్బే. కానీ ఆ నెల అద్దెకు అక్కరకు రాదు. 44ఏడీఏ వాళ్లకు పన్ను పడేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తం మార్చి 15 లోగా ఒకేసారి కట్టొచ్చు.

మేనేజర్ పోరు పడలేక

అందరూ పైకి చెప్పే కారణం స్వేచ్ఛ. నిలబడేది తక్కువ. మేనేజర్ ఒక్కడే, పార్టీలు ఐదుగురు. మేనేజర్‌కు ఆదివారం సెలవు, చీరల షాపు యజమానికి ఆదివారమే తీరిక.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు మనిషిని పనికి నడిపించే అవసరాలు మూడని చెప్పారు: తన ఇష్టప్రకారం చేయగలగడం, పనిలో నేర్పు పెరగడం, తోటివాళ్లతో కలిసి ఉండటం. ఫ్రీలాన్సింగ్ మొదటిది ఇస్తుంది. రెండోది పార్టీని బట్టి. మీ పని తప్పొప్పులు చెప్పే సీనియర్ పక్కన ఉండడు. మూడోది లాగేసుకుంటుంది. దానికి తోడు మన ఇళ్లలో "ఇంట్లోనేగా ఉన్నావు, పిల్లాణ్ని స్కూలు నుంచి తీసుకురా" అనే మాట రోజుకు మూడుసార్లు. మొగల్రాజపురంలోనో లక్ష్మీపురంలోనో చిన్న గది అద్దెకు తీసుకునేవాళ్లు చాలామంది అందుకే తీసుకుంటారు. ఆ అద్దెను కూడా పై లెక్కలో కలపాలి.

ఒక్క విషయంలో మాత్రం ఈ కారణానికి బలముంది: పార్టీని వదిలేసే హక్కు. అది కూడా ఒక్కరి నుంచే సగానికి పైగా రాబడి వస్తున్నంత కాలం కాగితం మీదే. ఎవరి వాటా 40 శాతం దాటకుండా చూసుకుంటే "మీ పని ఇక చేయలేనండీ" అనగలుగుతారు.

ఊరు వదల్లేక

నా లెక్కలో ఫ్రీలాన్సింగ్‌కు అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. అమ్మానాన్నలు గుంటూరులో, పొలం తెనాలి దగ్గర, ఉద్యోగం మాత్రం 270 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో. అక్కడ 60,000 జీతంలో అద్దె, భోజనం, రానుపోను ఖర్చులకు 25,000 పోతే మిగిలేది 35,000. ఇక్కడ సొంతింట్లో ఉండి 40,000 మిగిల్చినా మేలే. పైగా డబ్బుతో కొలవలేనిది ఒకటి ఉంది, నాన్నకు డయాలసిస్ ఉన్న ఇంట్లో వాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడుండి ఎవరికి చేయాలన్నది అసలు చిక్కు. విదేశీ పార్టీలకైతే రేటు బాగుంటుంది, కానీ పార్టీలను కలిపే వెబ్‌సైట్ల కమిషన్ చూసుకోవాలి: వాటిలో ఒకటైన ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది, 100 డాలర్లలో 80 మిగులుతాయి, ఆపైన మారకంలో మరికొంత పోతుంది. డబ్బు వచ్చినప్పుడు బ్యాంకుకు పర్పస్ కోడ్ (ఆ డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) సరిగ్గా ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. కుటుంబ ఖర్చుకు పంపిన డబ్బు కోడ్ పడితే అది ఎగుమతి రాబడి అని తర్వాత నిరూపించుకోవడం తలనొప్పి. వేళలూ చూడాలి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే ఇక్కడ వాళ్ల వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. లండన్‌లో తొమ్మిదంటే మధ్యాహ్నం ఒకటిన్నర, లేదా రెండున్నర. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు రేటు పది శాతం తగ్గినా లండన్ వైపే మొగ్గడం మంచిది.

స్థానిక పార్టీలు రేటు తక్కువ ఇస్తారు, పైగా అరువు. "మనవాడివే కదా, చూసి వేసుకో" అన్న మాటతో మొదలైన పని చివరికి వసూలు కాదు. మందు ఒకటే: 40 శాతం అడ్వాన్స్, మొదటి ప్రూఫ్ చూపాక 40, అసలు ఫైళ్లు ఇవ్వకముందు మిగతా 20. ఎన్ని ప్రూఫులు చూపిస్తారో కొటేషన్‌లోనే రాయాలి. డీటీపీలో రెండు చాలు, మూడో దానికి పేజీకి ఇంత అని. మేటర్ డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లలో వస్తే, ఫోన్లలో, వెబ్‌లో చదివే యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. ఆ దిద్దుబాటు గంటలకు వేరే రేటు పెట్టకపోతే 200 పేజీల పుస్తకం మీద లాభమంతా అక్కడే హరించుకుపోతుంది.

బాకీలు రాబట్టడానికి చాలామంది వాడని ఆయుధం ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు. ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ చాలు. సూక్ష్మ సంస్థగా నమోదైతే కొనుగోలుదారు ఒప్పంద గడువులోగా, ఎలా చూసినా 45 రోజుల్లోగా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా గడువు దాటించిన బాకీని ఆ కంపెనీ చెల్లించే ఏడాది దాకా తన ఖర్చుగా చూపుకోలేదు. అందుకే మార్చి నెలలో ఉద్యమ్ నంబర్ ఉన్న బిల్లును అకౌంట్స్ విభాగం పక్కన పెట్టదు. నంబర్ బిల్లు మీద అచ్చేసి ఉండాలి, పని మొదలవకముందే తీసుకుని ఉండాలి.

పిల్లలు చిన్నవాళ్లని

కాన్పు ముందు ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్‌లోకి దిగడం తొందరపాటు. పదిమంది, ఆపైన ఉద్యోగులున్న చోట అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవుంది. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటుంది. మానాలనుకుంటే ఇవి వాడుకున్నాక మానొచ్చు. ఫ్రీలాన్సర్‌కు ఆ 26 వారాలూ సున్నా, పైగా పార్టీలు ఈలోగా ఇంకొకరిని చూసుకుంటారు.

మధ్య దారి

నెలకు ఇన్ని గంటలు, ఇంత మొత్తం అని ఒకరిద్దరితో ఒప్పందం చేసుకుంటే ఒకటో తారీఖు బెంగ తగ్గుతుంది. రేటు కొంత తగ్గుతుంది, వెతుకులాట గంటలు ఇంకా ఎక్కువ తగ్గుతాయి. మూడు షాపుల ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చూసే వాళ్లకు ఇది సహజంగా కుదురుతుంది, ఎందుకంటే పని ప్రతినెలా తిరిగొస్తుంది. లోగోలు, పెళ్లి వీడియోలు చేసేవాళ్లకు కుదరదు. ముహూర్తాలు లేని మూఢంలో పెళ్లి వీడియోలవాళ్లకు పనే ఉండదు. ఒప్పందంలో రెండు మాటలు తప్పనిసరి: వాడని గంటలు తర్వాతి నెలకు జమ కావు, మానేయాలంటే ఇరువైపులా 30 రోజుల నోటీసు.

ఉద్యోగంలో ఉంటూనే పక్కన మొదలుపెట్టడం అన్నిటికన్నా భద్రం, కానీ నియామక పత్రంలో వేరే పని చేయకూడదన్న నిబంధన ఉందో లేదో ముందు చదవాలి. దాచి చేసినా, పార్టీ టీడీఎస్ కోసి ఉంటే పన్ను శాఖ దగ్గరి మీ లెక్కల్లో అది కనబడుతుంది.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే

బ్యాంకులు జీతగాడికైతే కంపెనీ ఇచ్చే ఫారం 16, ఆరు నెలల స్టేట్‌మెంట్ చూసి ఇంటి అప్పు ఇచ్చేస్తాయి. ఫ్రీలాన్సర్‌ను మామూలుగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. ఇక్కడే 44ఏడీఏ ఎదురు తిరుగుతుంది: 8 లక్షలు సంపాదించి 4 లక్షలే లాభం చూపితే బ్యాంకు దృష్టిలో మీ ఆదాయం 4 లక్షలే, అప్పూ దానికి తగ్గట్టే. 50 శాతం కనీసం మాత్రమే, ఎక్కువ చూపొచ్చు. 12 లక్షల దాకా పన్ను ఎలాగూ లేదు కాబట్టి నిజంగా మిగిలింది 6 లక్షలైతే 6 లక్షలే చూపడం మేలు. గుణదలలో ఫ్లాటు చూసుకుంటున్నవాళ్లు ఈ పని కనీసం రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. బయానా ఇచ్చాక పాత రిటర్నుల్ని మార్చడం అంత తేలిక కాదు.